చెట్ల కొమ్మల చిప్పర్: బండి మీద బిగించాలా.. వెనక లాగాలా? కొనే ముందు ఈ బరువు లెక్క చూడాల్సిందే!

ఈదురుగాలి వీస్తే చాలు.. కాలనీల్లో కొమ్మలు విరిగి రోడ్డుకు అడ్డంగా పడతాయి. వానాకాలం ముందు కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం ఏటా ఉండే పనే. ఇక 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ లాంటి తుఫాను వస్తే.. పడిపోయిన చెట్లు తీస్తే గానీ అంబులెన్సులు, కరెంటు సిబ్బంది బండ్లు కదలలేని పరిస్థితి. కొమ్మ కొట్టడం ఒక ఎత్తయితే.. దాన్ని అక్కడి నుంచి తరలించడం మరో ఎత్తు.

కొట్టిన కొమ్మల్ని అలాగే ట్రక్కులోకి ఎక్కిస్తే బండిలో సగానికి పైగా గాలే ఉంటుంది. అక్కడే తగలబెడదామంటే కుదరదు. రోడ్ల మీద, బహిరంగ ప్రదేశాల్లో వ్యర్థాలు కాల్చడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే నిషేధించారు. అందుకే కొమ్మల్ని అక్కడికక్కడే చిన్న ముక్కలుగా చేసే వుడ్ చిప్పర్లకు డిమాండ్ ఉంటుంది. నాలుగైదు ట్రిప్పుల కొమ్మలు ఒక్క ట్రిప్పులో సర్దుకుంటాయి.

అయితే చిప్పర్ కొనేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే.. ‘ఎన్ని అంగుళాల కొమ్మ పడుతుంది?’ అని. నిజానికి మొదట అడగాల్సింది అది కాదు. ‘ఈ మెషీన్ ఎక్కాక నా బండి ఇంకా ఎంత బరువు మోయగలదు?’ అన్నదే అసలు ప్రశ్న. అదెందుకో చూద్దాం.

బండిలో చోటు ఉంటుంది.. కానీ బరువు నిండిపోతుంది!

750 కేజీల లోడ్ మోసే చిన్న ట్రక్కునే తీసుకుందాం. దాని మీద 300 కేజీల చిన్న చిప్పర్ బిగించారనుకుందాం. కింద ఇనుప ఫ్రేమ్‌కు 50 కేజీలు. పెట్రోల్, రంపాలు, తాళ్లు, నిచ్చెనకు మరో 50 కేజీలు. డ్రైవర్, హెల్పర్ కలిపి 140 కేజీలు. మొత్తం 540 కేజీలు. అంటే చెక్క ముక్కలకు మిగిలింది 210 కేజీలే!

పచ్చి చెక్క ముక్కలు ఒక క్యూబిక్ మీటర్‌కు సుమారు 300 నుంచి 350 కేజీల బరువు తూగుతాయి. ఆ లెక్కన ఈ బండిలో ముప్పావు క్యూబిక్ మీటర్ కూడా నింపకూడదు. కానీ చుట్టూ నాలుగడుగుల జాలీ కడితే 2 క్యూబిక్ మీటర్లు సులువుగా పట్టేస్తాయి. చూడ్డానికి ‘ఇంకా చోటుంది కదా’ అనిపిస్తుంది. నింపుతూ పోతే 400 కేజీలకు పైగా ఓవర్‌లోడ్! బ్రేకులు సరిగ్గా పడవు, టైర్లు పేలతాయి, కట్టలు విరుగుతాయి.

పట్టుబడితే జేబుకు చిల్లే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20 వేల రూపాయల జరిమానా. అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో 2 వేలు. పైగా ఎక్కువైన సరుకును అక్కడే దింపించే ఖర్చు కూడా బండివాళ్లదే.

వెనక వేలాడితే ముందు చక్రాలు తేలిపోతాయి

బరువు ఎంత ఉందన్నదే కాదు.. ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. కొమ్మలు పెట్టడానికి వీలుగా ఉంటుందని చాలామంది చిప్పర్‌ను బండి చివర బిగిస్తారు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.1 మీటర్లు ఉన్న ట్రక్కులో.. 300 కేజీల మెషీన్‌ను వెనక ఇరుసుకు 70 సెంటీమీటర్లు అవతల బిగిస్తే ఏమవుతుంది? వెనక ఇరుసు మీద పడేది 300 కాదు.. 400 కేజీలు! ఆ అదనపు 100 కేజీలు ముందు చక్రాల మీద నుంచి తగ్గిన బరువు. అంటే స్టీరింగ్ తేలిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, సడన్ బ్రేక్ వేసినప్పుడు బండి మాట వినదు.

అందుకే బరువైన ఇంజిన్ భాగం వీలైనంత వరకు ఇరుసుకు ముందువైపు ఉండేలా చూడాలి. కొమ్మలు పెట్టే నోరు మాత్రమే వెనక్కి రావాలి. పని మొదలుపెట్టే ముందు ఒకసారి ధర్మకాటాకు తీసుకెళ్లడం మంచిది. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఇంకోసారి తూకం వేస్తే.. ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో తేలిపోతుంది.

మూడు దారులు.. ఎవరికి ఏది?

మొదటిది, బండి మీదే బిగించడం. ఇరుకు సందుల్లో, అపార్ట్‌మెంట్ గేట్లలో ఇది సులువు. వెనక ట్రైలర్ ఉండదు కాబట్టి రివర్స్ తీయడంలో ఇబ్బంది లేదు. కానీ మెషీన్ బరువంతా బండి లోడ్‌లోంచే పోతుంది. చిన్న ట్రక్కుకైతే 3, 4 అంగుళాల చిప్పర్ సరిపెట్టుకుని.. ముక్కల్ని బస్తాల్లోకి, వేరే బండిలోకి నింపుకోవడం మేలు. 6 అంగుళాల మెషీన్లు దాదాపు 700 కేజీల వరకు ఉంటాయి. వాటికి రెండు టన్నులు మోసే బండి ఉండాల్సిందే.

రెండోది, ట్రైలర్ చిప్పర్. దీనికి సొంత చక్రాలుంటాయి. బండి లోడ్ దాదాపు మొత్తం ముక్కలకే మిగులుతుంది. బ్రిటన్‌లో చెట్ల పనివాళ్లు ఎక్కువగా వాడేది ఇదే.. 3.5 టన్నుల టిప్పర్, దాని వెనక చిప్పర్. అక్కడ బ్రేకులు లేని ట్రైలర్‌కు 750 కేజీలే పరిమితి. అందుకే చాలా మోడళ్లను ఆ లోపు బరువుతోనే తయారు చేస్తారు. మన దగ్గర కూడా రోడ్డు మీద లాగే ట్రైలర్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. వెనక లైట్లు, గట్టి కప్లింగ్, సేఫ్టీ గొలుసు ఉండాలి.

మూడోది, ట్రాక్టర్ పీటీఓతో నడిచే చిప్పర్. తోటలకు, ఊళ్లకు ఇదే చవక. వేరే ఇంజిన్ అక్కర్లేదు. సాధారణంగా పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అయితే చిప్పర్‌ను ట్రాక్టర్ వెనక తగిలిస్తే అక్కడ ట్రాలీ తగిలించే చోటుండదు. ముక్కలు మోయడానికి ఇంకో బండి కావాలి. తిరిగే షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవర్ లేకుండా నడపడం ప్రాణాలతో చెలగాటమే.

అంగుళాల లెక్కలో మతలబు

6 అంగుళాల చిప్పర్ అంటే రోజంతా 6 అంగుళాల మానులు మింగుతుందని కాదు. అది గరిష్ఠ పరిమితి. తెరిపి లేకుండా పనిచేయాలంటే అందులో మూడింట రెండు వంతుల మందం, అంటే 4 అంగుళాల కొమ్మలే సౌకర్యం. అంతకన్నా లావు దుంగలు ఎలాగూ కట్టెలకు అమ్ముడుపోతాయి. వాటి కోసం పెద్ద మెషీన్ కొనడం అనవసరం.

ఏ చెట్లు ఎక్కువగా కొడతారన్నది కూడా చూసుకోవాలి. వేప, కానుగ, తురాయి కొమ్మలకు పదునైన బ్లేడ్ల డిస్క్, డ్రమ్ చిప్పర్లు సరిపోతాయి. కొబ్బరి, తాటి మట్టలు వేరు. వాటి పీచు రోలర్లకు, షాఫ్టులకు చుట్టుకుని మెషీన్ ఆగిపోతుంది. కోనసీమ, శ్రీకాకుళం లాంటి కొబ్బరి ప్రాంతాల్లో బ్లేడ్లతో పాటు సుత్తెలు కూడా ఉండే ష్రెడ్డర్ రకం మేలు. కొనే ముందు సొంత మట్టలు తీసుకెళ్లి వేయించి చూడాలి. ఇక రోడ్డు పక్క చెట్లకు కొట్టిన మేకులు, బోర్డుల తీగలు బ్లేడ్లకు శత్రువులు. ముందే చూసి పీకేయాలి.

బిగింపులో ఈ తప్పులు వద్దు

బండి బాడీ రేకుకు నాలుగు బోల్టులు బిగించి వదిలేస్తే వైబ్రేషన్‌కు రేకు చిరుగుతుంది. కింద ఛాసిస్ పొడవునా వెళ్లే రెండు దూలాల మీద బరువు పడేలా ఇనుప సబ్‌ఫ్రేమ్ వేయాలి. మధ్యలో రబ్బరు దిమ్మలు, లాక్ నట్లు ఉండాలి. తయారీ కంపెనీ చెప్పిన చోట తప్ప ఛాసిస్‌కు ఎక్కడపడితే అక్కడ రంధ్రాలు, వెల్డింగ్ వద్దు. రోజూ పొద్దున్నే నట్లు బిగించి చూసుకోవాలి.

మనం ఎడమవైపు నడిపే దేశం కాబట్టి.. కొమ్మలు పెట్టే నోరు వెనక్కి గానీ, ఎడమవైపు ఫుట్‌పాత్ మీదకు గానీ ఉండాలి. కుడివైపు ఉంటే పనివాళ్లు ట్రాఫిక్‌లో నిలబడాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు మరొకటి ఉంది. బండిలో పట్టడం లేదని నోటి దగ్గరి పొడవాటి రేకు గొట్టాన్ని కోసేయడం! ఆ గొట్టం అంత పొడవు ఉండేదే మనిషి చెయ్యి రోలర్ల దాకా చేరకూడదని. యూరప్‌లో చిప్పర్ల భద్రతకు ఉన్న ఈఎన్ 13525 ప్రమాణం కూడా ఈ దూరానికి పరిమితులు పెట్టింది. రోలర్లు పట్టాయంటే కొమ్మ సెకనుకు అర మీటర్ దాకా లోపలికి పోతుంది. చొక్కా చెయ్యి చిక్కుకుంటే తేరుకునే టైమే ఉండదు.

అందుకే రోలర్లను వెంటనే ఆపే కంట్రోల్ బార్ పనిచేయని మెషీన్‌ను ముట్టుకోకూడదు. లుంగీ, తువ్వాలు, వదులు చొక్కాతో దగ్గరికి రాకూడదు. ఎదురుగా కాకుండా పక్కన నిలబడి కొమ్మ పెట్టాలి. చిన్న రెమ్మల్ని చేత్తో తోయకుండా పొడవాటి కర్రతో తోయాలి. చెట్టెక్కినవాళ్ల తాడు చిప్పర్ దగ్గర అసలు ఉండకూడదు. కొమ్మతో పాటు తాడూ లోపలికి పోతే పైనున్న మనిషిని లాగేస్తుంది.

కాగితాలు కూడా సరిచూసుకోవాలి

బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలకు భిన్నంగా మార్పులు చేయకూడదు. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ కింద ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. చిప్పర్ బిగించే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పాలి. లేదంటే యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. ఇక చెట్టు మొత్తం కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి వేరేగా తీసుకోవాలి.

మొత్తంగా చెప్పాలంటే.. షాపుకు వెళ్లే ముందు ఆర్సీ చేతిలో పట్టుకుని బండి మోయగల బరువు రాసుకోవాలి. అందులోంచి మనుషులు, సామాన్లు, ఫ్రేమ్, మెషీన్ బరువు తీసేయాలి. ఒక ట్రిప్పుకు కావాల్సిన ముక్కల బరువు మిగిలితే ఆ మెషీన్ సరైనదే. మిగలకపోతే చిన్న మెషీన్ అయినా తీసుకోవాలి, ట్రైలర్ అయినా చూసుకోవాలి.. అదీ కాదంటే పెద్ద బండికి మారాలి.