కుదురు లేని నేల

దమ్ము చేసిన మడిలో దిగినవాళ్లకు తెలుసు. పైన తేరిన నీళ్లు, కింద మోకాలి లోతు అడుసు. గట్టి నేలే కదా అని బరువు మోపితే కాలు జారిపోతుంది. అమెరికాలోని లూసియానా తీరంలో, మిసిసిపీ నది సముద్రంలో కలిసేచోట, నీటి అడుగున మైళ్ల కొద్దీ పరుచుకున్నది అలాంటి మడే. దాని మీదే చమురు వేదికలు నిలబెట్టారు, పైపులైన్లు వేశారు.

2004 సెప్టెంబరులో ఐవన్ హరికేన్ వచ్చినప్పుడు నౌకాదళ పరిశోధకుల పరికరాలు 27 మీటర్లు దాటిన అలను నమోదు చేశాయి. అల శిఖరం ఒకసారి, వెనకే దాని పల్లం ఒకసారి అడుగు బురదను నొక్కి వదులుతుంటే బురద పట్టు తప్పింది. టేలర్ ఎనర్జీ సంస్థ వేదిక కూలి, దాని బావులు పూడిపోయాయి. అక్కడ కారుతున్న చమురును పట్టే ఏర్పాటు 2019లో గానీ జరగలేదు. పదిహేనేళ్లు! 1969లోనే కమిల్ హరికేన్‌కు సౌత్ పాస్ 70 ‘బి’ వేదిక ఇలాగే ఒరిగి, సుమారు 30 మీటర్లు జారిపోయిందని గుర్తుచేసుకుంటే బాధ రెట్టింపవుతుంది.

ఇదేమీ కొండవాలు కాదు. చాలాచోట్ల వాలు ఒక డిగ్రీ లోపే. అయితే నది ఒండ్రును పొర మీద పొరగా ఎంత తొందరగా పోస్తుందంటే, కింది పొరలోని నీరు బయటపడేలోపే పై బరువు వచ్చి పడుతుంది. ఆ ఒండ్రులోని ఆకూ అలమూ కుళ్లి మీథేన్ గ్యాస్ పుడుతుంది.

ఈ బురదను పరిశీలించడానికి ఓడ మీది నుంచి ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని బట్టి పొరల బొమ్మ గీస్తారు. గ్యాస్ ఉన్నచోట ఆ బొమ్మలో గీతలు మాయమై, అంతా అలికేసినట్టుంటుంది. బుడగలు ధ్వనిని చెదరగొడతాయి మరి. బురదను గుల్ల చేసే గ్యాసే దాని గుట్టునూ దాచేస్తోంది. అందుకే గొట్టాలు దించి బురదను పైకి తీస్తారు. అందులోని రేడియోధార్మిక బెరీలియం-7 నెలల కిందటి ఒండ్రును పట్టిస్తే, సీసం-210 దశాబ్దాల లెక్క చెబుతుంది.

లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ కోల్మన్, డేవిడ్ ప్రయర్ 1970ల్లో ఇక్కడ బురద జారే కాలువలను పటంలోకెక్కించారు. ఆ పని గొప్పదే. కానీ ఈ నేలకు ఒక్కసారి గీసిన పటం చాలదు. 2005–2014 మధ్య సౌత్‌వెస్ట్ పాస్ అనే నదీపాయ దగ్గర పదేపదే కొలిచినవాళ్లకు, పెద్ద హరికేన్లు తాకని ఏళ్లలోనూ బురద కదులుతూనే కనిపించింది. కాకినాడ ఎదుటి సముద్రంలో గోదావరి ఒండ్రు మీదుగా గ్యాస్ పైపులు వేసుకున్న మనకూ ఇది పట్టించుకోవాల్సిన సంగతే.

1942 మే నెలలో జర్మన్ జలాంతర్గామి యు-507 ఎస్.ఎస్. వర్జీనియా అనే చమురు నౌకను మిసిసిపీ ముఖద్వారం దగ్గర ముంచేసింది. 2001లో ఆ శిథిలం ఎక్కడుందో తెలిసింది. తర్వాతి సర్వేల్లో చూస్తే ఓడ అక్కడ లేదు. వందల మీటర్లు పల్లానికి జరిగి ఉంది.