నగ్గర్ కోట: బదిలీ లేని ఇల్లు

"మీ సొంత ఊరేది?" అని ఎవరైనా అడిగితే మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. మాలో ఒకరు పుట్టింది సికింద్రాబాదులో, ఒకటో తరగతి చదివింది జోధ్‌పూర్‌లో, ఐదో తరగతి తేజ్‌పూర్‌లో. మిగిలిన ఇద్దరిదీ ఇంచుమించు అదే వరస. ప్రస్తుతం మా తరగతిలో తెలుగు మాట్లాడేవాళ్ళం మేము ముగ్గురమే. ఈ ఏడాది పత్రికలో తెలుగు విభాగానికి మీ ఊరి గురించి రాయండని టీచర్ చెప్పారు. ఏ ఊరి గురించి రాయాలో తేలలేదు. చివరికి ఇప్పుడున్న కులూ లోయ గురించే రాద్దామనుకున్నాం. ఎలాగూ ఇక్కడి నుంచీ వెళ్ళిపోతాం కదా, వెళ్ళకముందే రాసిపెట్టుకోవాలి.

హిమాచల్‌ప్రదేశ్‌లో రోహ్తాంగ్ కనుమ దగ్గర పుట్టిన బియాస్ నది దక్షిణానికి దిగుతూ ఈ లోయ గుండా వెళుతుంది. నదికి ఎడమ వైపు, నీటికి చాలా ఎత్తున, కొండవాలు మీద నగ్గర్ అనే పల్లె ఉంది. మనాలీ నుంచి సుమారు 20 కిలోమీటర్లు. ఆ పల్లెలో ఒక హోటల్ ఉంది. దాని పేరు నగ్గర్ కోట.

కోట అనగానే మనకు గోల్కొండ, కొండపల్లి గుర్తొస్తాయి. అందుకే మొదటిసారి చూసినప్పుడు మాలో ఒకరు "ఇదేనా!" అనేశారు. బురుజులు లేవు, కందకం లేదు. రాయి, కొయ్య కలిపి కట్టిన పెద్ద ఇల్లు, మధ్యలో వాకిళ్ళు, చుట్టూ కొయ్య వసారాలు, పైన నల్లరాతి పలకల కప్పు. కానీ వసారాలో నిలబడి కిందికి చూస్తే లోయంతా కనిపిస్తుంది. ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో ఇక్కడి నుంచి రాజుకు తెలిసేది.

నగ్గర్ చాలాకాలం కులూ రాజుల రాజధాని. ఈ ఇంటిని సుమారు 500 ఏళ్ళ కిందట రాజా సిద్ధ్ సింగ్ కట్టించాడని చెబుతారు. నదికి అవతలి గట్టున పాడుబడ్డ ఒక కోట రాళ్ళను, మనుషులు బారుగా నిలబడి చేతి నుంచి చేతికి అందించుకుంటూ ఇక్కడికి చేర్చారని కథ. పదిహేడో శతాబ్దంలో రాజా జగత్ సింగ్ రాజధానిని కిందికి, ఇప్పటి కులూ పట్నంలోని సుల్తాన్‌పూర్‌కు మార్చాడు. 1840లో సిక్కు సైన్యం లోయను పట్టుకుంది. 1846లో మొదటి ఆంగ్లో సిక్కు యుద్ధం ముగిశాక లోయ ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. కులూకు మొదటి అసిస్టెంట్ కమిషనర్‌గా వచ్చిన మేజర్ హే ఈ ఇంటిని కొన్నాడు. దాని ధర ఒక తుపాకీ అంటారు! ఇంత ఇంటికి ఒక్క తుపాకీయా అని మేము నోరు వెళ్ళబెట్టాం. ఆయన తన అలవాటుకు తగ్గట్టు లోపల మెట్లు, చలిమంట గూళ్ళు పెట్టించుకున్నాడు. తరువాత ఇల్లు ప్రభుత్వానికి అమ్ముడుపోయి కచేరీ అయింది. 1978లో రాష్ట్ర పర్యాటక సంస్థ చేతికి వచ్చి హోటలైంది. ఒకరు ఖాళీ చేస్తే ఇంకొకరు దిగడం, అచ్చం మా క్వార్టర్ల సంగతే.

మాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం దీని గోడ.

ఈ కట్టుబడిని ఇక్కడ కాఠ్ కుణీ అంటారు. కాఠ్ అంటే కొయ్య, కుణీ అంటే మూల. అగ్గిపుల్లలను రెండు నిలువుగా, వాటి మీద రెండు అడ్డంగా పేర్చి బుల్లి ఇల్లు కట్టే ఆట మీరు ఆడే ఉంటారు. ఇదీ దాదాపు అంతే. గోడ లోపలి అంచున ఒక దేవదారు దూలం, బయటి అంచున ఇంకొకటి పెట్టి, రెండింటినీ అడ్డకొయ్యలతో కలుపుతారు. మధ్య ఖాళీలో రాళ్ళు నింపుతారు. దాని మీద ఒక వరస రాయి, మళ్ళీ ఒక వరస కొయ్య. మూల దగ్గర రెండు గోడల దూలాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి పట్టుకుంటాయి. రాళ్ళ మధ్య సున్నం లేదు, సిమెంటు లేదు. కింది అంతస్తులో రాయి ఎక్కువ, పైకి పోయేకొద్దీ కొయ్య ఎక్కువ. అందువల్ల బరువంతా కిందే ఉంటుంది. పల్లె ఇళ్ళలోనైతే కింద పశువులు, పైన మనుషులు. చలికాలంలో పశువుల వెచ్చదనం పై గదులకూ అందుతుంది.

సిమెంటు లేకపోతే ఇల్లు పడిపోదా అని మేమూ అడిగాం. 1905 ఏప్రిల్ 4 తెల్లవారుజామున కాంగ్రా భూకంపం వచ్చింది. సుమారు 20,000 మంది చనిపోయారు. కులూ లోయ కూడా ఊగిపోయింది. నగ్గర్ కోట నిలిచింది. బిగుసుకుపోయిన గోడ ఊగలేదు కాబట్టి విరుగుతుంది. ఈ గోడలో రాళ్ళు కాస్త జరుగుతాయి, ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. భూమి ఊపిన ఊపు ఆ రాపిడిలో చాలావరకు ఖర్చయిపోతుంది. రాళ్ళు మరీ జారిపోకుండా దూలాలు పట్టి ఉంచుతాయి.

కోట వాకిట్లో ఒక చిన్న గుడి ఉంది. అందులో జగతీ పట్ అనే రాతిపలక. లోయలోని దేవతలు తేనెటీగలై దేవ్ టిబ్బా శిఖరం నుంచి దాన్ని మోసుకొచ్చారని నమ్మకం. లోయకు పెద్ద ఆపద వస్తే ఊరూరి దేవతలనూ ఇక్కడ సమావేశపరుస్తారు. ఆ గుడి ముందు హోటల్ అతిథులూ చెప్పులు విడుస్తారు.

నగ్గర్‌కు మనవాళ్ళ లింకు ఒకటుంది. రష్యా చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ 1928లో ఇక్కడికి వచ్చి, హిమాలయాలను గీస్తూ, 1947లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన కొడుకు స్వెతొస్లావ్ 1945లో పెళ్ళాడింది సినీతార దేవికారాణిని. మొదటి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆమెదే. ఆమె పుట్టింది మన వాల్తేరులో! ఇది తెలిసిన రోజున మేము ముగ్గురం క్లాసులో కాస్త గర్వంగా తిరిగాం.

ఇక లోయ సంగతి. పూర్వం ఇక్కడ వరి మడులు, గోధుమ, బార్లీ, గొర్రెల మందలు. 1870 ప్రాంతంలో కెప్టెన్ లీ అనే ఇంగ్లీషాయన బంద్రోల్‌లో ఆపిల్ తోట వేశాడు. ఇప్పుడు ఎటు చూసినా ఆపిలే. డబ్బు వచ్చింది, రోడ్లు వచ్చాయి, నది ఒడ్డునే సిమెంటు హోటళ్ళు లేచాయి. 2023 జులై వరదల్లో బియాస్ పొంగి ఒడ్డున ఉన్న కట్టడాలను తీసుకుపోయింది. నగ్గర్‌ను పాతవాళ్ళు అంత ఎత్తున ఎందుకు కట్టారో మాకు ఆ ఫోటోలు చూశాక అర్థమైంది.

అలాగని సిమెంటు ఇల్లు కట్టేవాళ్ళను తప్పుపట్టలేం. దేవదారు చెట్టును ఇష్టమొచ్చినట్టు కొట్టడానికి వీల్లేదు, వీల్లేకపోవడమే మంచిది. కొయ్య ధర ఎక్కువ, ఈ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. నగ్గర్ దగ్గరి పల్లెలో ఉండే మా స్నేహితుడి ఇంట్లో కూడా ఇదే జరుగుతోంది. వాళ్ళ తాతగారి కాఠ్ కుణీ ఇల్లు విప్పుతున్నారు. అవును, విప్పుతున్నారు, పడగొట్టడం లేదు. సిమెంటు లేని గోడ కనుక దూలాలు చెక్కుచెదరకుండా వస్తాయి, వేరే ఇంటికి మళ్ళీ పనికొస్తాయి.

పోయిన ఆదివారం చూడడానికి వెళ్ళాం. పాత దూలాన్ని గీకితే ఇంకా దేవదారు వాసన వచ్చింది. తాతగారు ఒక్కొక్క దూలం మీదా సుద్దతో నంబరు వేస్తున్నారు. ఏ మూలది ఆ మూలకే పెట్టాలట. బదిలీ ఉత్తర్వు రాగానే మా ఇళ్ళలో నాన్నలు నల్ల ట్రంకు పెట్టెల మీద తెల్ల రంగుతో వేసే నంబర్లు గుర్తొచ్చాయి. పందొమ్మిదో దూలం మీద నంబరు మేమే వేశాం.