నెత్తిన కప్పు లేని యుద్ధశకటం

1941 ఫిబ్రవరి మొదటి రోజులు. సూడాన్ సరిహద్దును ఆనుకుని ఇథియోపియా వైపున్న మెటెమ్మా నుంచి ఇటలీ సేనలు తప్పుకున్నాయి. పోతూపోతూ దారి నిండా మందుపాతరలు పాతిపెట్టాయి. వాటిని ఏరివేసే పని ఇరవై రెండేళ్ల సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్ర సింగ్ భగత్‌ది. అందరికంటే ముందు వెళ్లే బ్రెన్ క్యారియర్ అనే చిన్న కవచ వాహనంలో ఆయన ఎక్కాడు. నాలుగు రోజుల్లో 55 మైళ్ల దారి, 15 చోట్ల పాతరలు. రెండుసార్లు ఆయనున్న బండే పేలింది. చెవిలో కర్ణభేరికి చిల్లు పడినా, విశ్రాంతి తీసుకోమంటే ఒప్పుకోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో విక్టోరియా క్రాస్ అందుకున్న తొలి భారతీయ అధికారి ఆయనే.

నిజానికి మందుపాతరల దారిలో ముందు నడవాల్సిన బండి కాదది. కవచం మందం ఎక్కువలో ఎక్కువ 10 మిల్లీమీటర్లు. తుపాకీ తూటాను ఆపడానికే ఆ రేకు. పైన కప్పే లేదు. పాతరల భయానికి సైనికులు అడుగున ఇసుక మూటలు పరుచుకునేవారు.

మరి దాని గొప్పేమిటి? ఎత్తు అయిదడుగుల పైన రెండంగుళాలే కాబట్టి చిన్న గోడ చాటున కూడా దాగేది. బరువు నాలుగు టన్నుల లోపు. మధ్యలో 85 హార్స్‌పవర్ ఫోర్డ్ వీ8 ఇంజిన్, దానికి అటూ ఇటూ సైనికులు, సామాను. గంటకు 30 మైళ్ల వేగం. అన్నిటికంటే నాకు ముచ్చటగా తోచేది దాని స్టీరింగ్. కాస్త తిప్పితే ముందు చక్రాల జత పక్కకు జరిగి, ఇనుప గొలుసు పట్టా విల్లులా వంగేది. బండి నెమ్మదిగా మలుపు తీసుకునేది. ఇంకా తిప్పితే ఒకవైపు పట్టాకు బ్రేకు పడి గిరుక్కున తిరిగేది.

1920ల్లో కార్డెన్, లాయిడ్ అనే ఇద్దరు ఇంజినీర్లు రూపొందించిన బుల్లి ట్యాంకులు దీనికి పూర్వీకులు. బ్రెన్ మెషిన్‌గన్‌నూ దాన్ని పేల్చేవాళ్లనూ కాల్పుల మధ్య నుంచి ముందుకు చేర్చాలి, అక్కడ వాళ్లు దిగి పోరాడాలి. బ్రిటిష్ సైన్యం అసలు ఆలోచన ఇదే. యుద్ధంలో అంత నియమం ఎక్కడ సాగుతుంది? గాయపడ్డవాళ్లను మోసింది, మోర్టార్లు మోసింది, ఫిరంగులు లాగింది. ‘వాస్ప్’ పేరుతో మంటలు చిమ్మింది. ట్యాంకు లేనిచోట ట్యాంకులా వాడారు, అందుకు ప్రాణాలతో మూల్యం చెల్లించారు. ఆ తప్పు బండిది కాదంటాను.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికాలలో కలిపి సుమారు 1,13,000 తయారయ్యాయి. కవచ వాహనాల్లో ఇంత సంఖ్యలో మరేదీ తయారు కాలేదు. భారత్‌లో మాత్రం ఇదే పనికి మరో దారి పట్టారు. కెనడా ఫోర్డ్ ఛాసిస్ తెప్పించి, దానిపై ఇక్కడి ఉక్కు కవచం బిగించి, గొలుసు పట్టాలకు బదులు నాలుగు చక్రాలతో క్యారియర్ చేశారు. ఉక్కు టాటాలది కావడంతో సైనికులు దాన్ని ‘టాటానగర్’ అని పిలిచారు.