కరెంటు పోయిన వేళ పల్పరులో చెయ్యి

నవంబరు వచ్చిందంటే అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో కాఫీ కోతలు. కోసిన పండ్లను ఆ రోజే పల్పరులో వేసి తొక్క తీయాలి, లేకపోతే పులిసి గింజ రుచి చెడుతుంది. అందుకే పని చీకటి పడ్డాక కూడా సాగుతుంది. పండ్లతోపాటు రాయో పుల్లో పడిందా, డ్రమ్ము పట్టేస్తుంది.

తిరుగుతున్న మిషను దగ్గర అందరికీ భయమే. ఆగినదాని దగ్గరే ధైర్యం. కానీ స్విచ్చి కట్టకపోతే, పట్టేసిన మోటారు బెల్టును లాగుతూనే ఉంటుంది, ఎక్కుపెట్టిన విల్లులా. రాయి ఊడిన మరుక్షణం డ్రమ్ము కదులుతుంది. దాన్ని తీసిన వేళ్లు ఇంకా అక్కడే ఉంటాయి.

డ్రమ్ము వ్యాసం 20 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 చుట్లు అనుకుందాం. దాని అంచు సెకనుకు మీటరు పైనే పోతుంది. ప్రమాదం కంటపడి చెయ్యి కదలడానికి మనిషికి దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆలోగా డ్రమ్ము 20 సెంటీమీటర్లు లాగేస్తుంది, అంటే మణికట్టు దాకా. ‘జాగ్రత్తగా ఉంటే చాలు’ అనే సలహా ఇక్కడ పనికిరాదు. గ్లౌజులు మరీ ప్రమాదం: గుడ్డ చిక్కితే చేతినీ లాక్కుపోతుంది.

ఇక కరెంటు కోత. శుభ్రం చేయడానికి ఇదే అదను అనిపిస్తుంది. మామూలు స్విచ్చి మీద నడిచే మోటారు కరెంటు రాగానే చెప్పాపెట్టకుండా తిరుగుతుంది. నో-వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరైతే కరెంటు పోగానే విడిపోతుంది, మళ్లీ ఎవరో బటన్ నొక్కాల్సిందే. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించి మన రైతులు పోగొట్టుకున్నది ఈ రక్షణనే. అర్ధరాత్రి కరెంటు కోసం మేలుకోలేక చేసిన పని, వాళ్లను తప్పుపట్టలేం. పల్పరుకు మాత్రం అది వద్దు.

మరమ్మతు చేసేవాడే కరెంటుకు తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవాలన్న నియమాన్ని అమెరికా 1989లో తెచ్చింది. ఇక్కడ మెయిన్ కట్టేసి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటే దాదాపు అంతే పని జరుగుతుంది. డీజిలు ఇంజనైతే ఫ్లైవీలు పూర్తిగా నిలిచాక బెల్టు తీసేయాలి. మన 1948 ఫ్యాక్టరీల చట్టమూ నడిచే యంత్రం జోలికి శిక్షణ పొందినవాణ్నే, అదీ బిగుతు దుస్తులతో, వెళ్లనిచ్చింది. పెరట్లో పల్పరు ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ చట్టం అక్కడిదాకా రాలేదు.

నలిగిన చెయ్యి పైకి చిన్నగాయంలా కనిపించినా లోపల రక్తనాళాలు చితికి, గంటల్లో వాపు పెరగొచ్చు; ఇంట్లో ఉండిపోకూడదు. వేలు తెగితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. నేరుగా ఐసు తగిలితే కణాలు చచ్చిపోతాయి. అరకు నుంచి విశాఖకు అనంతగిరి ఘాటు మీదుగా వంద కిలోమీటర్ల పైనే. దారిలో ఐసు ఎక్కడ దొరుకుతుందో కోతలకు ముందే కనుక్కుని ఉంచుకోవాలి.