సీసీ పైసలు ముట్టకపోవుడు సుత తప్పేనట

"ఈ మెషిన్ నంబరెంత?" అని అడిగిండు తనిఖీకొచ్చినాయన. నేను నోరు తెరిచిన గని మాట రాలే. మూడేండ్ల సంది రోజూ దాని పక్కపొంటనే ఉంటున్న. ఆయిల్ ఎప్పుడు పొయ్యాలె, ఏ బోల్టు వదులైతది, ఎసొంటి చప్పుడొస్తే బేరింగు పోతది, అన్నీ ఎరుకే. నంబరు మాత్రం ఎరుకలేదు. నంబర్ ప్లేటు మీద సిమెంటు, బూడిద గడ్డకట్టుకపోయి ఉన్నది. ఉలి తీస్కొని గోకితే సగం అంకెలు సుత దాంతోనే లేచిపోయినయ్.

మాది పెద్దపల్లి జిల్లా. రామగుండం బూడిదతోని ఇటుకలు చేస్తం. పీఎంఈజీపీ కింద, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద లోను తీస్కున్న. ఇయ్యాల ఊర్లల్ల శానమంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇదే లోనుకు దరఖాస్తు పెడుతున్నరు. లోను ఎట్లొస్తదో చెప్పెటోళ్లు యూట్యూబ్ నిండ ఉన్నరు. వచ్చినంక తనిఖీల ఎట్ల నిలవడాలెనో చెప్పెటోడు నాకైతే ఒక్కడు కానరాలే. అందుకే నాకు తగిలిన దెబ్బలు మీకు చెప్తున్న.

ముందు సబ్సిడీ సంగతి. నా ప్రాజెక్టు 20 లక్షలు. నేను బీసీ, యూనిట్ ఊర్లె ఉన్నది కాబట్టి నా వాటా 5 శాతం, సబ్సిడీ 35 శాతం. జనరలోళ్లకైతే ఊర్లె సబ్సిడీ 25, పట్నంల 15, సొంత వాటా 10 శాతం. నేను లక్ష పెట్టిన, బ్యాంకు 19 లక్షలు లోను రాసింది, అండ్ల 7 లక్షలు సబ్సిడీ. ఈ 7 లక్షలు చేతికొస్తయనుకుంటే పప్పుల కాలేసినట్టే. సర్కారు ఆ పైసలు బ్యాంకుకు పంపుతది. బ్యాంకు వాటిని మన పేరు మీద డిపాజిట్ చేసి మూడేండ్లు తాళమేస్తది. దానికి వడ్డీ రాదు, అంత లోను మీద వడ్డీ పడదు. మూడేండ్లు యూనిట్ నిజంగ నడిచిందని తనిఖీల తేలితేనే అది లోనుల జమ అయితది. తేలకపోతే పైసలు వచ్చిన తొవ్వనే వాపస్ పోతయ్, 7 లక్షలు మన నెత్తి మీద అప్పుగ మిగుల్తయ్.

తనిఖీ ఏదో పది యూనిట్లల్ల ఒకటి చూసుడు కాదు, ప్రతి యూనిట్ చూస్తరు. 2024ల ఖాదీ కమిషన్ తపాలా శాఖతోని ఒప్పందం చేసుకున్నది, అప్పటిసంది పోస్టాఫీసోళ్లు సుత ఈ పనికి వస్తున్నరు. ఉత్తరాలిచ్చే శాఖ వాళ్లే గదా అని తేలిగ్గ తీస్కోవద్దు. ఫోన్ల లొకేషన్‌తోని ఫోటో తీస్తరు, బోర్డు చూస్తరు, మెషిన్ చూస్తరు, కాగితాలు చూస్తరు. బోర్డంటే మీ కంపెనీ పేరొక్కటే కాదు. ఏ బ్యాంకు లోనిచ్చిందో, ఏ పథకమో దర్వాజ కాడ కనవడాలె. నేను మొదటి ఏడాది బోర్డే పెట్టలే. రెండో ఏడాది పెడితే గాలిదుమారానికి పోయింది.

ఇగ మెషిన్ కథకొస్తే, కొటేషన్ల ఒక మోడల్ ఉన్నది. బిల్లుల గదే రాసిండ్రు. కోయంబత్తూరు నుంచి లారీల దిగింది మాత్రం వేరే మోడల్. "సేటు కాడ స్టాక్ లేదు, ఇది ఇంకా మంచిది" అన్నరు, నేను సరే అన్న. మోటారు సుత కాయితంల ఒక హార్స్ పవర్, ప్లేటు మీద ఇంకో హార్స్ పవర్. మెషిన్ మంచిదే, ధర గదే, మోసం ఏమీ లేదు. గని తనిఖీకొచ్చినాయనకు ఎట్ల తెలుస్తది? ఆయన కండ్లకు బిల్లుల ఉన్న మెషిన్ షెడ్డుల లేదు, అంతే. ఎక్కడిదో పాతది తెచ్చి పెట్టి కొత్త బిల్లు చూపెట్టినోళ్లు ఉంటరు గదా, మనం సుత గదే లెక్కల పడ్తం. అమ్మినోళ్లకు పదిసార్లు ఫోన్ చేసిన, ఎత్తలే. చివరికి మా అమ్మ బట్టల పెట్టెల వారంటీ కార్డు దొరికింది. అండ్ల మోడల్, నంబరు, తేదీ అన్నీ ఉన్నయ్. అమ్మకు చదువు రాదు, రంగుల కాయితమని దాసిపెట్టిందట.

మీరైతే లారీ దిగిన రోజే నంబర్ ప్లేటు ఫోటో తీసి బిల్లు పక్కన పెట్టి చూసుకోండ్రి. తేడా ఉంటే అప్పుడే, పైసలు పూర్తిగ ముట్టకముందే బిల్లు మార్పించుకోవాలె. తర్వాత ఎవ్వడూ మన ఫోన్ ఎత్తడు. ప్లేటు మీద ఇంత గ్రీజు రాసి ప్లాస్టిక్ కవర్ చుట్టితే సిమెంటు పట్టది.

రెండో దెబ్బ ప్రాజెక్టు రిపోర్టుతోని తగిలింది. లోను కోసం ఒకాయనకు పైసలిచ్చి రాయించిన. సంతకం పెట్టిన గని చదవలే. అండ్ల రోజుకు 8,000 ఇటుకలు, ఏడాదికి 300 రోజులు, పన్నెండు మంది పనోళ్లు అని ఉన్నది. ఇంకెవరిదో రిపోర్టుల పేరు మార్చి ఇచ్చిండని తర్వాత సమజైంది. మా కాడ ఆరుగురం, ఒక్కటే షిఫ్టు, మంచిగ నడిస్తే 4,000. వానాకాలంల ఇటుక ఆరదు, బేరం ఉండదు, రెండు నెలలు దగ్గర దగ్గర బందే. "రిపోర్టుల ఉన్నదాంట్ల సగం సుత లేదేంది?" అని అడుగుతే ఏం చెప్తం? రిపోర్టుల లెక్కలు బ్యాంకోళ్ల కోసం కాదు, మూడేండ్లకు మననే అడిగే ప్రశ్నలు అవి. నువ్వు చెయ్యగలిగిన అంకెనే రాయించు. లోను రెండు లక్షలు తక్కువైనా మంచిదే.

నన్ను అక్కడ కాపాడింది రిజిస్టర్. రోజుకు ఎన్ని ఇటుకలు పోసినం, ఎన్ని పగిలినయ్, ఎన్ని పోయినయ్ అని మా మరదలు రాసింది. బందున్న రోజు "వాన" అని రాసింది. ఆ వాన అన్న రోజుల్ల కరెంటు బిల్లు సుత తక్కువనే వచ్చింది. తనిఖీకొచ్చినాయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి తలూపిండు.

లెక్క చూసెటోళ్లు గిట్లనే చూస్తరు. మన మాట కాదు, ఒక కాయితం ఇంకో కాయితానికి సాక్ష్యం చెప్తుందా లేదా అని. ఒక ఇటుక మూడు కిలోల దాకా తూగుతది. లక్ష ఇటుకలు పోసిన్నంటే 300 టన్నుల సరుకు షెడ్డులకు రావాలె. బూడిద, డస్టు, సిమెంటు బిల్లులు అన్నీ కలిపినా 100 టన్నులు దాటకపోతే, మిగిలిన ఇటుకలు గాలితోని పోసినవా? డస్టు లారోళ్లు బిల్లు లేకుంట ఇస్తమంటరు, జర తక్కువకు వస్తది. ఆ తక్కువ తర్వాత ఎక్కువైతది. మీటరు సుత ఇండస్ట్రీ మీటరే ఉండాలె, అంటే కేటగిరీ 3. ఇంటి మీటరు మీదనో, బాయికాడి కరెంటు మీదనో నడిపితే ఉత్పత్తి చూపెట్టెటందుకు సాక్ష్యం ఉండదు, పైనుంచి కరెంటోళ్ల కేసు.

ఇగ అన్నిటికన్నా పెద్ద దెబ్బ. నా 20 లక్షలల్ల 15 మెషిన్‌కు, షెడ్డుకు. 5 లక్షలు వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకుకు, కూలికి వాడుకునే సీసీ లిమిట్. మా ఇంట్ల అప్పంటే భయం. మా నాయిన పత్తి అప్పుల బాధలు చూసినోడు. అందుకే నేను ఆ సీసీ ముట్టలే. మా అన్న చిట్టీ ఎత్తిన పైసలతోని బూడిద తెచ్చిన, ఇటుకలమ్మి కూలిచ్చిన. బ్యాంకు అప్పు వాడకుంట నడిపిస్తున్న అని నలుగుట్ల గొప్పగ చెప్పుకున్న సుత.

రెండేండ్లు దాటినంక బ్యాంకుల ఒక మేడమ్ చెప్పింది. ఈ మూడేండ్లల్ల సీసీ లిమిట్ ఒక్కసారన్నా నిండుగ వాడాలె, మొత్తం మీద వాడకం 75 శాతానికి తగ్గొద్దు అని పథకం నియమం. వాడకపోతే ఆ మేరకు సబ్సిడీ వాపస్ పోతది. సబ్సిడీ ఇచ్చింది మొత్తం ప్రాజెక్టు లెక్కన గదా, వాడని పైసకు సబ్సిడీ ఎందుకని వాళ్ల లెక్క. నాకు 5 లక్షల మీద 35 శాతమంటే లక్షా 75 వేలు. నాకు కాళ్లు చేతులు ఆడలే. ఎగ్గొట్టినోనికి శిక్ష ఉండాలె, ఒప్పుకుంట. అప్పుకు భయపడ్డోనికి సుత శిక్షనా అని మేడమ్‌ను అడిగిన. "అంత అవసరం లేకపోతే అంత రాయించుకోవద్దు గదయ్యా" అన్నది. కోపమొచ్చింది గని మాట మాత్రం నిజమే.

అప్పటిసంది సిమెంటు, బూడిద కిరాయి అన్నీ సీసీలకెల్లే కడుతున్న. ఎండాకాలంల ఇటుకలు ఎక్కువ పోసి నిల్వ పెట్టిన, మే నెలల లిమిట్ నిండింది. దీంతోని ఇంకో లాభం కానొచ్చింది. పైసలు బ్యాంకు తొవ్వల పోతే ప్రతి ఖర్చుకు తేదీ, పేరు వాటంతటవే పడ్తయ్. నగదుగ ఒకరికి ఒక్కరోజు 10,000 దాటి ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ కాడ ఆ ఖర్చు చెల్లదు. లారీ కిరాయికైతే 35,000 దాకా ఒప్పుకుంటరు.

ఇదంతా చూసి ఒకాయన "ఒక ఇరవై వేలు పడెయ్, నేను చూసుకుంట" అన్నడు. రిజిస్టర్ సక్కగ ఉన్నోడు ఇరవై వేలెందుకియ్యాలె? ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు సుత రెండు వేలు తీస్కునెటోళ్లున్నరు. అది పూర్తిగ ఫ్రీ, ఆధార్‌తోని ఫోన్ల మనమే చేస్కోవచ్చు.

మూడేండ్లు మంచిగ దాటి లోను కట్టినోళ్లకు ఇదే పథకంల రెండో లోను ఉన్నది, తయారీ యూనిట్‌కు కోటి దాకా, సబ్సిడీ 15 శాతం. నేనింకా అంత దూరం పోలే. వారంటీ కార్డుతోని మెషిన్ సంగతి తెగింది. మొదటి రెండేండ్ల సీసీ వాడకానికి ఎంత కోత పడ్తదో బ్యాంకుల లెక్క తీస్తున్నరు. సోమవారం మల్ల రమ్మన్నరు, మరదలు రాసిన రిజిస్టర్లు మూడూ పట్టుకొని.