ఛాయతో పోరిన షాహజాదా

పద్యమునకు లక్షణములు చెప్పుకొన్నాము, నాటకమునకు చెప్పుకొన్నాము. చలనచిత్రమును కూడ ఇప్పుడు చదువదగిన కళగ అంగీకరించినాము. కంప్యూటర్ ఆట మాత్రము ఇంకను గడప బయటనే నిలబడియున్నది. అది చదువును చెడగొట్టు వ్యసనమని పెద్దలందురు. అది ఉత్త కాలక్షేపమని ఆడుకొను పిల్లలే అందురు. ఈ విషయమున ఇరు తరములకు ఇంత ఏకాభిప్రాయము కుదురుట అరుదు. ఆ అభిప్రాయమును వాదముతో మార్చవలెనని మాకు లేదు. ఒక ఆట ఎట్లు తయారైనదో, దానిని చేసిన యువకుడు ఎట్లు దానిని నడిమధ్య వదలివేయబోయినాడో చెప్పినచో, చదివినవారే తేల్చుకొందురు.

ఆ ఆట పేరు 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. 1989లో అమెరికాలో వెలువడినది. దానిని చేసినవాడు జోర్డాన్ మెక్నర్. మన ఉర్దూ విద్యార్థులు దానిని 'షాహజాదా-ఎ-ఈరాన్' అని పిలుచుకొనవచ్చును. ఇబ్రహీం కుతుబ్‌షా పేరును ధరించిన ఈ ఊరిలో పారసీక కథ చెప్పుకొనుటకు వేరే సంజాయిషీ అక్కరలేదు. ఫార్సీతో పాటు తెలుగు కవిత్వమును ఆదరించిన ఆ సుల్తానును మన కవులు మల్కిభరాముడని తమవానిగనే చేసుకొన్నారు.

కథ సంగ్రహముగ ఇది. సుల్తాను యుద్ధమునకు పోయినాడు. వజీరు జాఫర్ రాజ్యము మీద కన్నువేసి రాకుమార్తెను చెరబట్టినాడు. ఇసుక గడియారమును తలక్రిందులు చేసి, గంటలోపల తనను పెండ్లాడుటయో ప్రాణములు విడుచుటయో తేల్చుకొమ్మన్నాడు. ఆమె వలచిన యువకుడు చెరసాల అడుగున పడియున్నాడు. చేత కత్తి అయినను లేదు. అరువది నిమిషములలో అతడు నేలమాళిగలు, ఊచల గోతులు, కోరలవలె మూసుకొను ఇనుప కత్తెరలు, కావలివాండ్రు అన్నిటిని దాటి ఆమెను చేరవలెను. ఆ గంట ఆడువాని గోడమీది గంటయే. పొరపాటున గోతిలో పడి మరణించినచో ఆ ఘట్టమును మరల మొదటి నుండి ఆడవచ్చును గాని, జారిపోయిన నిమిషములు తిరిగి రావు.

తెలుగువారికి ఈ కథ క్రొత్తది కాదు. 1968 నాటి 'బాగ్దాద్ గజదొంగ'ను, 1970లో విఠలాచార్య తీసిన 'ఆలీబాబా 40 దొంగలు'ను చూచినవారికి ఈ వజీర్లు, ఈ సొరంగములు, ఈ చెరసాలలు బాగుగ తెలిసినవే. రెండింటను నందమూరి తారకరామారావుగారే కథానాయకులు. మెక్నర్ కూడ అల్ఫ్ లైలా కథలనుండియు, పాత హాలీవుడ్ చిత్రములనుండియు తన సామగ్రిని తెచ్చుకొన్నాడు. 1981లో వచ్చిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' చిత్రము ఆరంభమున నాయకుడు గోతిని దూకి, మూసుకొనుచున్న రాతి తలుపు క్రింద నుండి దొర్లి బయటపడు పది నిమిషములే తన ఆటకు బీజమని అతడు చెప్పినాడు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. చరిత్రలోని జాఫర్ బర్మకీ హారూన్ అల్ రషీద్‌కు వజీరు. విద్యను పోషించిన వంశమువాడు. 803లో ఖలీఫా ఆజ్ఞచేతనే శిరచ్ఛేదమునకు గురియైనవాడు. అల్ఫ్ లైలాలో అతడు మారువేషమున రాత్రివేళ ఖలీఫా వెంట బాగ్దాదు వీధులు తిరుగు తోడు. 1940 నాటి 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రములో ఆ పేరు ఒక దుష్ట మాంత్రికునికి తగులుకొన్నది. ఈ ఆట దానిని కొనసాగించినది. 1992లో డిస్నీవారి 'అలాద్దీన్' దానిని లోకమంతట స్థిరపరచినది. హతుడైన వజీరుకు హంతకుని వేషము కట్టిన ఈ అన్యాయమును మన ఉర్దూ శాఖవారు ఎన్నడైన విడిగ వ్రాయవలెను. ఆటలోని గొప్పతనము ఈ వజీరులో లేదు. అది మరియొక పాత్రలో ఉన్నది. ఆ పాత్ర పుట్టుటకు కారణము దారిద్ర్యము.

ముందు ఈ జాతి ఆటల లక్షణము చెప్పుదుము. అరుగు నుండి అరుగుకు దూకుచు ముందుకు సాగునట్టి ఆటలను ప్లాట్‌ఫారం ఆటలందురు. 1985లో జపానునుండి వచ్చిన 'సూపర్ మారియో' అందరికి తెలిసినదే. మారియో రబ్బరు బంతివలె ఎగురును. గాలిలోనే దిశ మార్చుకొనును. మెక్నర్ నాయకునికి అట్టి వరములు లేవు. అతనికి శరీరభారమున్నది. పరుగెత్తుచు ఆగవలెనన్న రెండడుగులు జారి ఆగును. దూరము దూకవలెనన్న ముందుగ పరుగు కావలెను. అందని అంచును వ్రేళ్ళతో పట్టి వ్రేలాడి పైకి ప్రాకును. ఒక అంతస్తు ఎత్తునుండి పడినచో లేచును, రెండంతస్తులైన గాయపడును, మూడైన మరణించును. చలనచిత్రములోని మనుష్యుని మనము నమ్మునట్లు ఆటలోని మనుష్యుని నమ్మించుటయే ఈ పద్ధతి. దీనికే తరువాత చలనచిత్ర శైలి ప్లాట్‌ఫారం ఆట అని పేరు వచ్చినది.

ఆ నమ్మకము ఎట్లు పుట్టినది? 1985లో యేల్ విశ్వవిద్యాలయమునుండి పట్టము పుచ్చుకొన్నప్పటికే మెక్నర్ 'కరాటేకా' అను ఆటతో పేరు గడించియున్నాడు. ఆ సంవత్సరముననే తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లని బట్టలు తొడిగి, కార్లు నిలుపు ఒక ఆవరణమునకు తీసికొనిపోయి, పరుగెత్తుమనియు, దూకుమనియు, గోడ ఎక్కుమనియు చెప్పి వీడియో తీసినాడు. ఆ టేపును టెలివిజనులో ఒక్కొక్క చిత్రముగ ఆపుచు, తెర ఎదుట కెమెరా నిలిపి ఫొటోలు తీసినాడు. ఆ ఫొటోలమీద నల్లని సిరాతోను, తెల్లని దిద్దుబాటు ద్రవముతోను దేహపు అంచులను గీసి, వాటి నకళ్ళను యంత్రములోనికి ఎక్కించి, చుక్క చుక్కగ సరిదిద్దినాడు. కత్తియుద్ధమునకు మాత్రము తమ్ముడు చాలలేదు. 1938 నాటి రాబిన్‌హుడ్ చిత్రములో ఎరాల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్‌లు ప్రక్కవాటుగ కనబడు కొద్ది సెకండ్ల పోరునుండి ఆ కదలికలు తీసికొన్నాడు. ఈ ఉపాయము పాతదే. మాక్స్ ఫ్లైషర్ దానికి 1917లోనే పేటెంటు పొందియున్నాడు. ఇంటి సామానుతో ఒంటరిగ ఒక యువకుడు దానిని సాధించుటయే విశేషము.

ఇక కష్టములు. 1986లో మెక్నర్ ఆటను పూర్తిచేయుటకై కాలిఫోర్నియాకు, బ్రోడర్‌బండ్ ప్రచురణ సంస్థ ఉన్న శాన్ రఫేల్‌కు చేరినాడు. అయితే అతని మనస్సు సినిమామీద ఉన్నది. చిత్రకథ ఒకటి వ్రాసి హాలీవుడ్ చుట్టు తిరిగినాడు. నెలల తరబడి ఆట మూలపడినది. ఆ రోజులలో వ్రాసికొన్న దినచర్యను తరువాత అతడే ప్రచురించినాడు. ఆట చేయవలెనా, సినిమా వ్రాయవలెనా అను ఊగిసలాట అందు పుటపుటను కనబడును. తాను వ్రాయుచున్న యంత్రము ఆపిల్-2 అప్పటికే ముసలిది. ఆట పూర్తియగునాటికి కొనువారుందురో లేదో అను భయము వేరే. ఇరువది రెండేండ్ల యువకుడు ఒక పనిని మొదలుపెట్టి, మరియొక దానిని కోరుకొనుచు కాలము గడుపుట మన కళాశాలలలో అపూర్వమేమియు కాదు గదా.

మరల పనిలోనికి వచ్చిన తరువాత అసలు చిక్కు బయటపడినది. యంత్రపు జ్ఞాపకశక్తి చాలదు. వెలువడిన ఆట నడచినది 128 కిలోబైట్లలో. నేడు జేబులోని ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అంతకు పదిరెట్లకు పైగ స్థలము ఆక్రమించును. నాయకుని పరుగు, దూకుడు, ప్రాకుడు, వీనికి కావలసిన బొమ్మలే ఆ కొద్ది చోటును నింపివేసినవి. రెండవ మనిషికి ఆ కొంపలో తావు లేదు. మెక్నర్ దీనిని సిద్ధాంతముగ మార్చుకొన్నాడు: తన ఆటలో హింస ఉండదు, శత్రువులుండరు, ఉచ్చులు మాత్రమే ఉండునన్నాడు. సహోద్యోగిని టోమీ పియర్స్ ఒప్పుకొనలేదు. ఆట అందముగ ఉన్నది గాని ఆడుటకు ఉత్సాహము లేదని, పోరాటము కావలెనని ఆమె మరల మరల చెప్పినది.

చోటు లేదు, శత్రువు కావలెను. అప్పుడు మెక్నర్ చేసిన పని ఇది. నాయకుని బొమ్మనే తీసికొని, దానిమీద అదే బొమ్మను ఒక్క చుక్క ప్రక్కకు జరిపి వేసినాడు. రెండు బొమ్మలకు తేడా ఉన్నచోట వెలుగు, రెండును ఒకటిగ ఉన్నచోట చీకటి అని యంత్రమునకు చెప్పినాడు. శరీరము మాయమై అంచులు మాత్రము మిలమిలలాడుచు మిగిలినవి. క్రొత్త బొమ్మ ఒక్కటి కూడ అక్కరలేకయే, నాయకుని నడకనే నడచు ఒక ఛాయాపురుషుడు లేచి నిలిచినాడు.

ఈ ఛాయకు కథలో తావు కల్పించిన తీరు మాకు అన్నిటికంటె గొప్పగ తోచుచున్నది. నాలుగవ ఘట్టములో దారికి అడ్డముగ నిలువుటద్దము నిలుచును. షాహజాదా దానిగుండ దూకిన క్షణమున ఛాయ రెండవ వైపునుండి వెలువడి పారిపోవును; అతని ప్రాణశక్తి ఒక్క పాలికి దిగజారును. పిమ్మట ఆ ఛాయ అతనికి అందవలసిన ఔషధమును తాగివేయును. ఎదుటి ద్వారమును మూసి అతనిని పాతాళమునకు పడద్రోయును. తుదకు కత్తి దూసి ఎదురు నిలుచును. ఛాయను పొడిచిన ప్రతిసారి గాయము షాహజాదాకే తగులును. ఆడువారు ఇచ్చటనే ఎన్నోమార్లు ఓడిపోదురు. గెలుపుమార్గము ఒక్కటే: కత్తిని ఒరలో పెట్టి, తన ఛాయకు ఎదురుగ నడచిపోవలెను. అప్పుడిరువురును ఒకటగుదురు, అంతకుముందు లేని వంతెన కాళ్ళక్రింద ఏర్పడును. ప్రతినాయకుడు నాయకునినుండియే పుట్టి నాయకునిలోనే లయించుట మన ప్రబంధములలో వెదకినను సులభముగ దొరకదు. ఇది ముందే వేసికొన్న కథాప్రణాళికలో లేనిది. చోటు చాలనందువలన పుట్టినది. తరువాత ప్రోగ్రామును కుదించి మెక్నర్ మరికొంత స్థలము సంపాదించినాడు; అందు కావలివాండ్రును చేర్చినాడు. సంగీతము సమకూర్చినవాడు అతని తండ్రి ఫ్రాన్సిస్ మెక్నర్, వృత్తిచే మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు.

ఇంత శ్రమపడి 1989లో వెలువరించిన ఆటను అమెరికాలో కొన్నవారు స్వల్పము. భయపడినట్లే ఆపిల్-2 కాలము ముగిసిపోయినది. మరుసటి ఏట వచ్చిన డాస్ ప్రతి కూడ మొదట నెమ్మదిగనే కదలినది. ఐరోపాలో, జపానులో దానిని ఇతర యంత్రములకు మార్చిన తరువాతనే ఆదరణ మొదలైనది. 1992లో మాకింటోష్ ప్రతితో అమెరికా కూడ మేలుకొన్నది. చివరకు 20 లక్షలకు పైగ అమ్ముడుపోయినదని లెక్క. మన దేశములోను 1990లలో డాస్ యంత్రములమీద దీనిని ఆడినవారు ఎందరో. కొని ఆడినవారెందరో అడుగకుండుట మర్యాద.

దీని అడుగుజాడలలో నడచినవారిని కూడ ఇదే కష్టము వెన్నాడినది. ఫ్రాన్సులో ఎరిక్ షాయీ సుమారు రెండేండ్లు దాదాపు ఒంటరిగ పనిచేసి 1991లో 'అనదర్ వరల్డ్' వెలువరించినాడు. అతని తరువాతి ఆట 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' 1998 వరకు బయటకు రాలేదు. షాహజాదా కథ 2003లో 'సాండ్స్ ఆఫ్ టైమ్' పేరున యుబిసాఫ్ట్ సంస్థచేత క్రొత్తరూపు దాల్చినది. దాని పునర్నిర్మాణమును అదే సంస్థ పుణె, ముంబయి శాఖలలో చేపట్టి 2020లో ప్రకటించినది. 2021 జనవరికి రావలసినది రాలేదు; 2022లో ఆ పని మన దేశమునుండి మాంట్రియల్‌కు తరలిపోయినది.

మొదటి ఆట ప్రోగ్రాము మాత్రము ఏండ్ల తరబడి కనబడకుండ పోయినది. మెక్నర్ ఎంత వెదకినను దొరకలేదు. 2012లో అతని తండ్రి ఇంటిలో ఒక అట్టపెట్టె బయటపడినది. అందులో పాత ఫ్లాపీ డిస్కులున్నవి. ఇరువది ఏండ్లు దాటిన అయస్కాంతపు పూతమీద అక్షరములు నిలిచియుండునా అని అందరికి సంశయము. జేసన్ స్కాట్, టోనీ డయాజ్ అను పాత యంత్రముల నిపుణులు వానిని జాగ్రత్తగ చదివించినారు. ప్రోగ్రాము దాదాపు చెక్కుచెదరక దొరికినది. ఆ ఏప్రిల్‌లోనే మెక్నర్ దానిని ఎవరైనను చదువుకొనునట్లు ఇంటర్నెట్‌లో ఉంచినాడు. అసెంబ్లీ భాష కొంత నేర్చిన మన కంప్యూటర్ విద్యార్థి ఓపికతో వెదకినచో, బొమ్మను ఒక్క చుక్క ప్రక్కకు జరిపి ఛాయను పుట్టించిన ఆ కొద్ది పంక్తులు అందులో కనబడును.