యుద్ధం తెప్పిస్తానన్న టెలిగ్రాం ఎక్కడ?

పత్రికల బలం గురించి మాట వస్తే చాలు, విలియం రాండాల్ఫ్ హర్స్ట్ టెలిగ్రాం ప్రస్తావనకు వస్తుంది. 1897 జనవరిలో న్యూయార్క్ జర్నల్ తరఫున క్యూబా వెళ్లిన చిత్రకారుడు ఫ్రెడరిక్ రెమింగ్టన్, ఇక్కడ అంతా ప్రశాంతంగా ఉంది, యుద్ధం వచ్చేలా లేదు, తిరిగొచ్చేస్తానని పత్రిక యజమాని హర్స్ట్‌కు టెలిగ్రాం ఇచ్చాడట. అక్కడే ఉండు, బొమ్మల సంగతి నువ్వు చూడు, యుద్ధం సంగతి నేను చూసుకుంటానని హర్స్ట్ బదులిచ్చాడట. 1941లో వచ్చిన సిటిజన్ కేన్ సినిమా పుణ్యమా అని ఈ కథ మరీ జనంలోకి పోయింది.

దీన్ని అచ్చులో పెట్టినవాడు జేమ్స్ క్రీల్‌మన్ అనే విలేకరి, 1901 నాటి తన జ్ఞాపకాల పుస్తకంలో. ఆ టెలిగ్రాములు నడిచాయంటున్న రోజుల్లో ఆయన అదే పత్రిక పని మీద యూరప్‌లో ఉన్నాడు. అంటే రాసింది కళ్లారా చూసిన సంగతి కాదు. ఎవరు చెప్పగా విన్నాడో కూడా రాయలేదు. పైగా హర్స్ట్‌ను మెచ్చుకుంటూ చెప్పిన ముచ్చట అది. 1907లో హర్స్ట్ లండన్ టైమ్స్‌కు లేఖ రాసి, అది అబద్ధమని కొట్టిపారేశాడు.

నిందపడ్డవాడు కాదనకుండా ఉంటాడా అనవచ్చు. హర్స్ట్ మాటను పక్కన పెట్టినా, కథే నిలబడదు. క్యూబాలో స్పెయిన్ పాలనపై 1895 ఫిబ్రవరి నుంచే తిరుగుబాటు సాగుతోంది. 1896లో దిగిన స్పెయిన్ జనరల్ వెయ్‌లర్ పల్లెలను ఖాళీ చేయించి, జనాన్ని సైన్యం కాపలా ఉన్న పట్టణాలకు తోలాడు. ఆకలికీ రోగాలకూ వేలమంది రాలిపోయారు. రెమింగ్టన్ వెళ్లిందే ఆ యుద్ధాన్ని గీయడానికి. నడుస్తున్న పోరు మధ్య నిలబడి యుద్ధం లేదని ఎలా అంటాడు? అతనన్నది అమెరికా, స్పెయిన్ల యుద్ధం గురించి అని సర్దిచెప్పేవాళ్లున్నారు. ఆ యుద్ధానికి అప్పటికి ఇంకా ఏడాదికి పైగా గడువుంది. దాని బొమ్మల కోసం అంత ముందుగా మనిషిని ఎవరు పంపుతారు? హవానా టెలిగ్రాములపై స్పెయిన్ సెన్సార్ నిఘా కూడా ఉండేది, అంత బాహాటమైన సవాలు వాళ్ల కంటబడకుండా దాటిందనుకోవడం కష్టం. రెమింగ్టన్ వారంలోనే తిరుగుముఖం పట్టాడు. అయినా జర్నల్ అతని బొమ్మలను ఘనంగా వేసింది. యజమాని ఆజ్ఞను కాలదన్నినవాడికి జరిగే మర్యాదలా లేదు.

అలాగని హర్స్ట్ కడిగిన ముత్యమేమీ కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఒలివెట్ అనే ఓడలో క్యూబా యువతులను స్పెయిన్ అధికారులు సోదా చేశారన్న వార్తకు జర్నల్ రెమింగ్టన్ చేత బొమ్మ వేయించింది: చుట్టూ మగ అధికారులు, మధ్యలో ఒంటిమీద బట్టల్లేని యువతి. సోదా చేసింది ఆడవాళ్లేనని తర్వాత బయటపడింది. పోటీ పత్రిక వరల్డ్ ఆ బండారం విప్పింది. వార్త రాసిన రిచర్డ్ హార్డింగ్ డేవిస్ మళ్లీ హర్స్ట్‌కు రాయనే లేదు. 1898లో యుద్ధం మొదలయ్యాక అది తన యుద్ధమేనని జర్నల్ మొదటి పేజీలో జబ్బలు చరుచుకున్న మాటా నిజమే. అయితే గొప్పలు చెప్పుకోవడం వేరు, యుద్ధం తేవడం వేరు. 1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలి 260 మందికి పైగా చనిపోయారు. బయటి మందుపాతరే కారణమని అమెరికా నౌకాదళ విచారణ తేల్చింది. (లోపలి బొగ్గుగది మంటే కారణం కావచ్చని 1976 నాటి పరిశీలన చెప్పింది.) క్యూబా దుస్థితిని కళ్లారా చూసొచ్చిన అమెరికా సెనేటర్ ప్రాక్టర్ మార్చిలో చేసిన ప్రసంగం దేశాన్ని కదిలించింది. స్పెయిన్ క్యూబాను వదులుకోనంది. వీటి ముందు ఒక పత్రిక యజమాని పంతం చిన్నది.

హర్స్ట్‌ను తప్పుపట్టడానికి ఒలివెట్ బొమ్మ చాలు, అది అచ్చులో ఉంది. టెలిగ్రాం మాత్రం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.